నోరి నరసింహశాస్త్రి నవలలపై మా కడప పాఠకుల అభిప్రాయాలు

నోరి నరసింహశాస్త్రి రేపల్లెలో న్యాయవాదిగా ఉంటూ రాసిన చారిత్రక నవలలను గురించి కడపలో మేము కొందరం మాట్లాడుకున్నప్పుడు, ఒక్కొక్కరికి ఒక్కొక్క నవల నచ్చడం నాకెంతో సంతోషం కలిగించింది.

పదవీ విరమణ చేసిన ఒక తెలుగు అయ్యవారు ‘నారాయణభట్టు’ను అన్నిటికన్నా పైన నిలిపారు. నన్నయ భారతాన్ని తెనిగించిన కాలాన్ని, అంటే రాజరాజనరేంద్రుని కాలాన్ని, ఆ కవికి తోడుగా నిలిచిన మిత్రుని పేరిట చెప్పడమే దాని విశిష్టత అని, ఆ రాజు వేయించిన నందంపూడి శాసనంలో దానగ్రహీతగా కనిపించే వ్యక్తికి నవలాకారుడు మాటను, మనసును ఇచ్చారని ఆయన వివరించారు. ఈ అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. శాసనం ఆగిన చోట కల్పన మొదలుకావాలి గాని, శాసనాన్ని కాదని కాదు.

డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి మాత్రం ‘రుద్రమదేవి’లోని వాక్యశైలి తనకు బరువుగా తోచిందని చెప్పింది. అది న్యాయమైన మాటే. అయితే కాకతీయుల కథలో తిక్కన కాలం, ‘మల్లారెడ్డి’లో ఎఱ్ఱన కాలం, ‘కవిసార్వభౌముడు’లో శ్రీనాథుని కాలం వరుసగా చదివితే, రాజుల చరిత్రతోపాటు తెలుగు కవిత్వ చరిత్ర కూడా కళ్లకు కడుతుంది.

శ్రీనాథుడు ప్రౌఢదేవరాయల ఆస్థానంలో గౌడ డిండిమభట్టు అనే పండితుణ్ణి వాదంలో గెలిచాడన్న ప్రసిద్ధి విజయనగరపు నేల అయిన మా సీమవారికి మరింత దగ్గరిది. అందుకే ఆ నవలపైనే చర్చ ఎక్కువసేపు సాగింది. తరువాత ఆయన మరో నవల ‘ధూర్జటి’ చదవాలని అందరం అనుకున్నాము.