యానాంలో అమ్మమ్మ వెంట

కాకినాడలో బస్సెక్కితే కోరంగి, తాళ్ళరేవు దాటి గంటలో యానాం వచ్చేస్తుంది. తాతయ్యది తాళ్ళరేవు, అమ్మమ్మది యానాం. బస్సులో కాసేపటి దూరమే. కానీ వాళ్ళు పుట్టేనాటికి ఒక ఊరు ఇంగ్లీషువాళ్ళది, ఇంకోటి ఫ్రెంచివాళ్ళది. ఆయన వెంకన్న భక్తులు, ఆవిడ ఆర్.సి.ఎం. క్రైస్తవురాలు. "మీరసలు ఏమిట్లు?" అని అడిగిన ప్రతివాళ్ళకీ చిన్నప్పటి నుంచీ సగం అటు, సగం ఇటు అని చెబుతూ వచ్చాను. తాతయ్య పోయిన ఏడాదికి అమ్మమ్మ, "ఒకసారి మా ఊరు తీసికెళ్ళవే" అంది. ఇద్దరం బయల్దేరాం.

యానాంలో దిగగానే పి.వై. నంబరు ప్లేట్ల బళ్ళు, వరసగా మద్యం షాపులు. చుట్టూ ఆంధ్రా ఉన్నా, ఈ 30 చదరపు కిలోమీటర్ల ఊరు పుదుచ్చేరి కిందికే వస్తుంది. అమ్మమ్మ అవేమీ చూడకుండా తిన్నగా సెయింట్ ఆన్స్ చర్చికి నడిచింది. జపమాల చెప్పుకున్నాక సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. తన పుట్టుక పత్రం. మడతల దగ్గర చిరిగితే వెనక టేపు అంటించారు. తేదీ అంకెల్లో లేదు, ఫ్రెంచిలో అక్షరాలా రాసి ఉంది. కళ్ళజోడు సర్దుకుని, వేలు కింద పెట్టుకుంటూ, "లాన్ మీల్ నఫ్ సాఁ కరాఁత్ ద్యో" అని గోదావరి యాసలో గడగడా చదివేసింది. 1942. ఎనభై దాటిన మనిషి గొంతులో ఆ నిమిషం బడిపిల్ల వినిపించింది.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో యానాం విమోచన జరిగినప్పుడు ఆవిడకి పన్నెండేళ్ళు. వాళ్ళమ్మ తలుపులు వేసేసి పిల్లల్ని లోపల కూర్చోబెట్టిందట. చట్టప్రకారం అప్పగింత మాత్రం 1962 ఆగస్టు 16న గానీ పూర్తికాలేదు. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోవాలనుకున్నవాళ్ళు ఆరు నెలల్లోగా రాసివ్వాలి, లేకపోతే భారతీయులైపోతారు. అమ్మమ్మ వాళ్ళన్నయ్య రాసిచ్చాడు. చెల్లెలికి కూడా కాగితం తెచ్చిపెట్టాడు.

"మరి నువ్వెందుకు సంతకం పెట్టలేదు?"

"మీ తాతయ్య అప్పటికే సైకిల్ మీద వస్తూ ఉండేవారు కదే!"

ఒక తల్లి కడుపున పుట్టిన ఇద్దరు ఒకే ఇంట్లో కూర్చుని చెరో దేశం ఎంచుకున్నారు. ఆయన ఫ్రాన్సు వెళ్ళిపోయి అక్కడే పోయారు. ఈవిడ 1963లో కాకినాడలో రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. తాతయ్య వైపు నుంచి ఒక్కరూ రాలేదు. యానాం కిరస్తానం పిల్ల గడప తొక్కడానికి వీల్లేదని వాళ్ళమ్మ పంతం పట్టారట. తాతయ్య బలగమంటే నిష్ఠగా ఉండే స్వచ్ఛమైన వైపనే నేనూ అనుకుంటూ ఉండేదాన్ని.

మధ్యాహ్నం మీసాల వెంకన్న గుడికి వెళ్ళాం. తాతయ్య ఏటా వచ్చేవారు, ఆయన బదులు అర్చన చేయించాలంది. ప్రసాదం తింటూ మండపంలో కూర్చున్నప్పుడు చెప్పింది, తాతయ్య అమ్మానాన్నల పెళ్ళి జరిగింది యానాంలోనేనని.

శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు కాబట్టి చుట్టుపక్కలవాళ్ళు హద్దు దాటొచ్చి ఇక్కడ మూడుముళ్ళు వేయించుకుపోయేవారు. అలా తీసుకొచ్చిన తొమ్మిదేళ్ళ పెళ్ళికూతురే మా ముత్తవ్వ. మంచాన పడ్డాక ఆవిడకి సేవ చేసింది అమ్మమ్మే. ఒకరోజు తల దువ్వుతుంటే, "మీ ఊళ్ళో ఎండకి ఏడ్చానే, మిఠాయి పెట్టి నోరు మూయించారు" అన్నారట. ఆ తర్వాత ఇద్దరి మధ్యా పాత మాటలు మళ్ళీ రాలేదట.

నాకు మనసంతా కలచివేసినట్టయింది. ఏ వైపు స్వచ్ఛమైనదని అనుకున్నానో, ఆ కుటుంబం మొదలైందే ఫ్రెంచి హద్దుకి ఇవతల, ఏడుస్తున్న చిన్నపిల్లతో. ఇక సగాలు ఎక్కడ గీసి చెప్పను? అమ్మమ్మ ఏనాడూ అలా గీసుకోలేదు. చర్చి నుంచి గుడికి వస్తూ తలమీద కొంగు కూడా తియ్యలేదు.

సాయంత్రం గౌతమి ఒడ్డున ఉండగా ఫ్రాన్సు నుంచి అన్నయ్యగారి మనవడు వీడియో కాల్ చేశాడు. అతనికి తెలుగు రాదు. అమ్మమ్మ తన బడి ఫ్రెంచిలో తడుముకుంటూనే చాలాసేపు మాట్లాడింది. వాళ్ళ తాత పుట్టిన ఇల్లు చూడాలని ఉందన్నాడట. వెంటనే లేచి నిలబడి ఫోన్ నా చేతికిచ్చింది.

"నువ్వు పట్టుకుని చూపించవే. పెద్ద వీధి దాకా నడుద్దాం, ఛార్జింగ్ ఉందా?"