బ్లీప్ ఏమంటోంది?

మా వాడికి ఏడేళ్లు. పుట్టిందీ పెరుగుతోందీ అమెరికాలోనే. తెలుగు బాగానే అర్థమవుతుంది. "చెప్పులు లోపల పెట్టు నాన్నా" అంటే పెడతాడు. పెట్టి, "ఓకే మామ్" అంటాడు. నాలుగో ఏట ప్రీస్కూల్లో చేరిన కొన్ని నెలలకే వాడి నోటి నుంచి తెలుగు రావడం ఆగిపోయింది. మొదట్లో నేను పట్టించుకోలేదు. తర్వాత భయం పట్టుకుంది. ఆ భయంలోనే ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడాలని రూలు పెట్టాను. ఇంగ్లీషులో ఏదడిగినా వినపడనట్టు ఊరుకునేదాన్ని. ఒకరోజు మంచినీళ్లు అడిగాడు, నేను పలకలేదు. వాడు కుర్చీ లాక్కుని, దాని మీదకెక్కి గ్లాసు తీసుకుని, తనే నీళ్లు పట్టుకుని తాగి వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు. ఆ కుర్చీ నేల మీద గీసుకుపోయిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఆ రాత్రే రూలు తీసేశాను. దాని బదులు ఏం చేయాలో మాత్రం తోచలేదు.

ఆ వేసవిలో మా అమ్మ ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. అమ్మకు ఇంగ్లీషు రాదు. శనివారం పొద్దున్నే పిల్లలు టీవీ ముందు చేరితే, తనూ కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన కూర్చునేది.

ఇక్కడ పెరిగినవాళ్లకు శనివారం పొద్దున కార్టూన్లంటే ఎంత ప్రాణమో నాకు ఆఫీసులో తెలిసింది. ఇక్కడే పుట్టి నడివయసుకొచ్చిన మనుషులు ఆ మాటెత్తగానే చిన్నపిల్లలైపోతారు. వారమంతా ఎదురుచూసి, అమ్మానాన్నలు లేవకముందే లేచి, రాత్రి బట్టల్లోనే టీవీ ముందు కూర్చునేవాళ్లట. పెద్ద చానళ్లన్నీ దశాబ్దాల పాటు ఆ పూటను పిల్లలకే వదిలేశాయి. తర్వాత కేబుల్ వచ్చింది. పిల్లల కార్యక్రమాల్లో చదువుకు పనికొచ్చేవి వారానికి 3 గంటలైనా ఉండాలన్న నియమం వచ్చింది. ఆపై ఇంటర్నెట్. మామూలు యాంటెన్నాకు అందే పెద్ద చానళ్లలో అలాంటి చివరి కార్టూన్ వరుస 2014 సెప్టెంబరులో ఆగిపోయింది. మా పిల్లలకు ఆ అనుభవం కొంతైనా తెలియాలని లైబ్రరీ నుంచి పాత డీవీడీలు తెచ్చాను. మనకు తెలియని బాల్యాన్ని పిల్లలకు అందివ్వాలని తాపత్రయపడటం ప్రవాసంలో మామూలే అనుకుంటాను.

అలా తెచ్చినవాటిలో వాళ్లకు నచ్చింది 'జోసీ అండ్ ద పుస్సీక్యాట్స్ ఇన్ ఔటర్ స్పేస్'. హన్నా-బార్బెరా వాళ్లు తీసిన కార్టూన్, 1972 సెప్టెంబరులో మొదలైంది. మనుషులు చివరిసారిగా చంద్రుడి మీద నడిచిందీ ఆ ఏడాది డిసెంబరులోనే. కథ తేలిక. ముగ్గురు అమ్మాయిల పాటల బృందం, వాళ్లతో ఉన్నవాళ్లు, ఒక పిల్లి అంతా కలిసి ఒక రాకెట్ దగ్గరికి వెళ్తారు. వాళ్లలో ఒకామె మోచేయి తగలరాని మీట మీద తగులుతుంది. ఇంకేముంది, రాకెట్ లేచిపోతుంది. అక్కణ్నుంచి వారానికో గ్రహం. ఇల్లు చేరుదామని బయల్దేరడం, మధ్యలో ఇంకెక్కడో ఇరుక్కోవడం. ఎవరో తరుముతుంటే వెనక ఒక పాట. మా పెద్దమ్మాయికి వేలరీ అంటే ఇష్టం. శనివారం కార్టూన్లలో క్రమం తప్పకుండా కనిపించిన తొలి నల్లజాతి అమ్మాయిల్లో తనొకతె, బృందంలో అందరికన్నా తెలివైనది. మా అమ్మాయి తన బొమ్మ గీసి ఫ్రిజ్ మీద అంటించింది.

మా వాడికి మాత్రం బ్లీప్. అదొక బొచ్చు జీవి, వేరే గ్రహానిది. దాని నోట "బ్లీప్" తప్ప ఇంకో మాట రాదు. బృందంలో మెలొడీ అనే అమ్మాయి ఒక్కతికే అది ఏమంటోందో తెలుస్తుంది. మిగతావాళ్లంతా తన మొహం చూస్తారు.

రెండో శనివారం అనుకుంటా. నేను వంటింట్లో ఉన్నాను. టీవీలో "బ్లీప్, బ్లీప్" అని వినిపించింది. "ఏమంటోందిరా అది?" అంది అమ్మ. కాసేపు నిశ్శబ్దం. తర్వాత మా వాడి గొంతు, చాలా మెల్లగా: "అది... అక్కడ వద్దు అంటోంది. చెడ్డవాళ్లు ఉన్నారు, వెనకాల."

చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయాను. గుమ్మం దాకా వెళ్లలేదు. నన్ను చూస్తే ఆపేస్తాడేమోనని భయం.

"ఎవరు వాళ్లు?" అంది అమ్మ.

ఏలియన్ అన్న మాటకు వాడికి తెలుగు తెలియదు. నాకూ చటుక్కున తట్టదు. గ్రహాంతరవాసి అని పుస్తకాల్లో రాస్తారు గానీ ఇంట్లో ఎవరంటారు? వాడు కొంచెం ఆలోచించి, "వేరే ఊరివాళ్లు" అన్నాడు.

నా పాత ఇమిగ్రేషన్ కాగితాలన్నిటి మీదా ఏలియన్ నంబరు అని ఒక నంబరు ఉంది. ఇక్కడి చట్టంలో పౌరులు కానివాళ్లకు వాడే మాట అదే. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ నంబరు ఫారాల్లో నింపానో లెక్కలేదు. వాడి తెలుగులో అది వేరే ఊరివాళ్లు అయింది. ఇంతకంటే మంచి మాట నేను చెప్పలేను.

"ఊరు కాని ఊళ్లో వీళ్ల తిండీ తిప్పలూ ఎలాగో పాపం," అంది అమ్మ. వాడు దానికీ జవాబు చెప్పాడు. రాకెట్లో అన్నం ఉంటుందట.

అప్పటినుంచి ప్రతి శనివారం అమ్మ అడగడం, వాడు చెప్పడం. లేజర్ తుపాకీ 'కాల్చే టార్చిలైటు' అయింది. రాకెట్ చెడిపోతే 'మాట వినట్లేదు' అనేవాడు. ఆడవాళ్లనూ మగవాళ్లనూ పిల్లినీ కలిపి 'వాడు' అనేవాడు. "వాడు రాణి, వాడికి కోపం వచ్చింది." నాకు నాలుక చివరిదాకా వచ్చేది, 'ఆమె' అనాలి నాన్నా అని. మింగేసేదాన్ని. అమ్మ ఒక్కసారీ దిద్దలేదు. "ఓహో, రాణికి కోపమొచ్చిందా? ఎందుకొచ్చింది ఆమెకి?" అని తిరిగి అడిగేది. నవంబరు వచ్చేసరికి రాణులందరూ 'ఆమె' అయ్యారు. పిల్లి మాత్రం 'వాడు'గానే ఉండిపోయింది.

నేను నీళ్ల గ్లాసు అడ్డం పెట్టి రాబట్టాలనుకున్న మాటలే అవి. నా దగ్గర వాడికి తెలుగుతో అవసరం ఏముంది? నాకు ఇంగ్లీషు వచ్చని వాడికి తెలుసు. రానట్టు నటించానని కూడా తెలుసు. అమ్మకు నిజంగానే రాదు. వాడు చెప్పకపోతే ఆ కథ ఆమెకు అందదు.

డిసెంబరులో అమ్మ వెళ్లిపోయింది. మొదటి శనివారం వాడు డీవీడీ పెట్టలేదు. రెండో వారం తనే నా ఫోను తీసుకుని, వీడియో కాల్ చేయమన్నాడు. మాకు పొద్దున్న, అమ్మకు రాత్రి. ఫోను టీవీ వైపు తిప్పి, సోఫాకు ఆనించి నిలబెట్టాడు. ఉన్నవి మొత్తం 16 భాగాలే. అన్నీ ఎప్పుడో అయిపోయాయి కనక మళ్లీ మొదటిదే. మోచేయి మీట మీద తగిలింది, రాకెట్ లేచింది.

"అమ్మమ్మా, ఇది నీకు తెలుసు కదా?"

"తెలిస్తే మాత్రం, నువ్వు చెప్పు."