స్వామి గడ్డం, మాస్క్ అంచు

"స్వామీ, ఈ గడ్డంతో లోపలికి వద్దు." మాలలో ఉన్న జగిత్యాల కుర్రాణ్ని సేఫ్టీ ఆఫీసర్ ట్యాంకులోకి దిగడానికి పర్మిట్ ఇచ్చే టేబుల్ దగ్గరే ఆపేశాడు. ఆపింది ఏ దొరో అయితే ఇంత ఉడుకు ఉండేది కాదు. ఆ ఆఫీసర్ మలయాళీ. దీక్ష అంటే ఏమిటో అతనికి ఒకరు చెప్పాలా? రాత్రి క్యాంపులో అదే రచ్చ: దేవుడికన్నా గ్యాస్ మాస్క్ ఎక్కువైందా అని.

గల్ఫ్‌లో చలికాలం షట్‌డౌన్ల కాలం, అంటే ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే రోజులు. మనకు దీక్షల కాలం. అందుకే ఈ తగువు ఏటా ఉండేదే. మనసు స్వామి వైపే లాగుతుంది. లెక్క మాత్రం ఆ ఆఫీసర్ వైపే తేలుతుంది.

ట్యాంకుల్లో మన శత్రువు హెచ్‌టూఎస్, అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులు) దగ్గర ముక్కు మొద్దుబారుతుంది, వాసన పోయింది కాబట్టి గ్యాసూ పోయిందనుకుంటాం. 500 దాటితే నిమిషాల్లో కూలిపోతాం. 1000 దగ్గర ఒకటి రెండు ఊపిరులు చాలు. అబుదాబి షా గ్యాస్ ఫీల్డ్‌లో భూమిలోంచి వచ్చే గ్యాసులో దాదాపు 23 శాతం ఇదే. గాలికన్నా బరువు కాబట్టి గుంటల్లో, ట్యాంకు అడుగున పేరుకుంటుంది.

మాస్క్ రబ్బరు అంచు నున్నటి చర్మం మీదే అతుక్కుంటుంది. గడ్డం పెద్దదా, రెండు రోజుల మాసిన గడ్డమా అన్న తేడా లేదు, వెంట్రుక ఉన్నచోటల్లా సందే. గాలిని వడకట్టే కాట్రిడ్జ్ మాస్క్ అయితే ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఆ సందులోంచి గ్యాస్ లోపలికొస్తుంది. "వీపున గాలి సిలిండర్ మోసే సెట్‌లో గాలి బయటికే తోస్తుంది కదన్నా" అని వాదించేవాళ్లుంటారు. అది సగమే నిజం. బరువు పనిలో గట్టిగా పీల్చినప్పుడు లోపలి ఒత్తిడి క్షణంపాటు పడిపోవచ్చు. పైగా 6.8 లీటర్ల సిలిండర్‌ను 300 బార్ ఒత్తిడికి నింపితే వచ్చేది సుమారు 2000 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున పీల్చినా 50 నిమిషాలు. సందులు కారితే గాలి 55 బార్‌కు పడిందని హెచ్చరించే విజిల్ ముందే మోగుతుంది, మనం ఇంకా ట్యాంకు మధ్యలోనే ఉంటాం. మీసానికి అభ్యంతరం లేదు, అంచు కిందికి రాకపోతే చాలు.

కెమికల్ సూట్ వేసుకునే ముందే సిలిండర్ వాల్వ్ తెరిచి, మూసి, గేజ్ చూడాలి. నిమిషంలో 10 బార్ కన్నా ఎక్కువ పడితే ఆ సెట్ పక్కన పెట్టేయాలి. సూట్ ఒక సైజు పెద్దదే మంచిది. బిగుతుగా ఉంటే గొంతుక్కూర్చోగానే గజ్జల దగ్గర చిరుగుతుంది. ప్యాంటు బూటు మీదికి రావాలి, లోపలికి దోపితే కారిన ద్రవమంతా బూటులోకే. చేతులు కిందికి ఉండే పనికి గ్లవ్ మీద స్లీవ్, తల పైన చేసే పనికి స్లీవ్ మీద గ్లవ్. టేప్ చుట్టేటప్పుడు చేతులు చాచి ఉంచాలి, చివర కొంచెం మడిచి వదలాలి. లేకపోతే విప్పేటప్పుడు కెమికల్ అంటిన గ్లవ్స్‌తో గీకుతూ కూర్చోవాలి. మాస్క్‌కు ముందు కింది పట్టీలు, తర్వాత కణతలవి, రెండువైపులా ఒకేసారి వెనక్కి లాగాలి. గాలి దారి అరచేత్తో మూసి పీల్చి పట్టుకుంటే మాస్క్ ముఖానికి అతుక్కుని 10 సెకన్లు అలాగే నిలవాలి. హుడ్ పట్టీల మీదికి రావాలి, అప్పుడే విప్పేటప్పుడు మాస్క్ ఆఖరున వస్తుంది.

మెడలో మాల కవరాల్ లోపలుంటే ఇబ్బంది లేదు, మాస్క్ అంచు అంత కిందికి రాదు. చేతి కడియం మాత్రం గ్లవ్ చించుతుంది.

మనవాళ్లకు జాగ్రత్త తెలియదని ఇక్కడ కొందరు మూతి విరుస్తారు. పత్తికి మందు కొట్టే మనిషికి ఊళ్లో మాస్క్ ఇచ్చిందెవరు? ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడంటే భయం తెలియకనా? ఇక్కడ ఇస్తున్నారు, వేసుకుంటున్నాం.

దీక్ష తీసుకోవాలనుకునేవాళ్లు షట్‌డౌన్ లిస్టు పడకముందే ఫోర్‌మన్‌కు చెప్పండి, స్టోర్‌లోనో వర్క్‌షాప్‌లోనో వేస్తారు. తలంతా కప్పి లోపలికి గాలి ఊదే, గడ్డానికి పట్టింపులేని హుడ్‌లు ఉన్నాయి గానీ, ప్రాణాంతకమైన గ్యాస్ ఉన్నచోట వాటిని ఒప్పుకోరు. దీక్ష విరమించాక గడ్డం తీసి, మాస్క్ ముఖానికి సరిగ్గా అతుకుతుందో చూసే ఫిట్ టెస్ట్ మళ్లీ చేయించుకోండి. ఉపవాసాలకు బుగ్గలు లోపలికి పోయి ఉంటే పాత సైజు మాస్క్ సరిపోకపోవచ్చు.