సెన్సర్ పెన్ను లాగ్: కంటి సర్జరీ రోబో కోసం చేతిని కొలవడం

సెన్సర్ పెన్ను ఇప్పుడు నమ్మదగ్గ రీడింగులు ఇస్తోంది. రెటీనా సర్జన్ల చేతి కదలికలను కొలిచి, వాటిని బట్టి రోబోను ఎలా డిజైన్ చేస్తారో స్వయంగా చేసి తెలుసుకోవాలన్నదే ఈ ప్రాజెక్టు. నేను డాక్టర్ని కాను, ప్రస్తుతానికి కొలుస్తున్నది నా చేతినే. కొలిచే పద్ధతి మాత్రం ఎవరి చేతికైనా ఒకటే.

పెన్ను పైకొనన కదలికను కొలిచే ఎంపీయూ-6050 సెన్సర్ ఉంది. దానిలోని జైరో (తిరిగే వేగాన్ని కొలిచే భాగం) రేంజ్ సెకనుకు ±250 డిగ్రీలు, లోపలి ఫిల్టర్ 42 హెర్ట్జ్, సెకనుకు 200 రీడింగులు. ఇది సరిపోతుందా? మామూలు మనిషి చేతి వణుకు 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య, అంటే సెకనుకు 8 నుంచి 12 సార్లు ఉంటుంది. కనుగుడ్డు అడ్డుకొలత దాదాపు 24 మి.మీ., కాబట్టి పరికరం కంట్లోకి వెళ్లే రంధ్రం నుంచి దాని మొన వరకు 20 మి.మీ. అనుకున్నాను. మొన 0.1 మి.మీ. ఊగితే పెన్ను తిరిగేది సుమారు 0.3 డిగ్రీలే. కానీ 10 హెర్ట్జ్ దగ్గర ఆ ఊగుడు గరిష్ఠ వేగం సెకనుకు 18 డిగ్రీల దాకా వెళ్తుంది. జైరోకి అది తేలిక. కంటికి మాత్రం 0.1 మి.మీ. అంటే చాలా ఎక్కువ: సర్జన్లు రెటీనా మీంచి ఒలిచే పొర మందం రెండు మూడు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు).

వైర్ల విషయం తప్పక చెప్పాలి. మామూలు జంపర్ వైర్లు బిరుసుగా ఉండి చేతి వణుకును అణిచేస్తాయి. వెంట్రుకంత సన్నటి ఎనామెల్ రాగితీగ వాడి, దాన్ని ముంజేతి దగ్గర టేపుతో అతికిస్తే, ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత వణుకు ఉందో చూపే గ్రాఫులో 10 హెర్ట్జ్ దగ్గర శిఖరం స్పష్టంగా లేచింది. ఉంగరపు వేలిని స్టాండుకు ఆనిస్తే అదే శిఖరం బాగా కుంగింది. సర్జన్లు మణికట్టుకు ఆధారం ఎందుకు చూసుకుంటారో ఆ ఒక్క గ్రాఫు చూస్తే చాలు.

అన్నిటికన్నా నాకు నచ్చిన భాగం రంధ్రం. పరికరం కంట్లోకి వెళ్లే చోటు కదలకూడదు. అందుకే పరికరానికి మిగిలేవి నాలుగు కదలికలే: రెండు వైపులకు వంగడం, తన చుట్టూ తాను తిరగడం, లోపలికీ బయటికీ జరగడం. చేయి ఎడమకు పోతే మొన కుడికి పోతుంది. పెన్ను మీద రెండు రంగు చుక్కలు పెట్టి, రెండు కెమెరాలతో దాని అక్షాన్ని, అంటే పెన్ను పొడవునా సాగే గీతను, క్షణక్షణం పట్టుకుంటున్నాను. ఆ గీతలన్నిటికీ అతి దగ్గరగా ఉండే బిందువును లీస్ట్ స్క్వేర్స్‌తో (దూరాల వర్గాల మొత్తాన్ని అతి తక్కువ చేసే లెక్కతో) లెక్కిస్తే రంధ్రం ఎక్కడుందో తెలుస్తుంది. ఏ గీత ఎంత దూరం తప్పిందో చూస్తే చేయి ఆ క్షణంలో రంధ్రాన్ని ఎంత పక్కకు లాగిందో బయటపడుతుంది. నిజమైన కంట్లో ఆ లాగుడు తెల్లగుడ్డు మీద పడుతుంది. అందుకే చాలా కంటి రోబోలు ఈ బిందువు చుట్టూనే తిరిగేలా కడతారు.

వణుకు తీసేయడానికి 2 హెర్ట్జ్ కన్నా వేగమైన కదలికలను తగ్గించే ఫిల్టర్ పెట్టి చూశాను. గీత నున్నగా వచ్చింది గానీ సెకనులో పదో వంతు ఆలస్యమైంది. కంటి లోపల అంత ఆలస్యాన్ని నేను ఒప్పుకోను. జాన్స్ హాప్కిన్స్ వాళ్ల స్టెడీ-హ్యాండ్ రోబో దారి నాకు ఇంతకన్నా నచ్చింది: సర్జనూ రోబో కలిసి ఒకే పరికరాన్ని పట్టుకుంటారు, చేతి ఒత్తిడిని బట్టి రోబో మెల్లగా జరుగుతుంది, వణుకు అక్కడే ఆగిపోతుంది. 2016లో ఆక్స్‌ఫర్డ్‌లో మనిషి కంటి లోపల వాడిన ప్రిసైస్ రోబోను జాయ్‌స్టిక్‌తో నడిపారు.

ఇక మొన దగ్గర బలాన్ని కొలవాలి. రెటీనా మీద పడే బలాలు చాలావరకు 7.5 మిల్లీన్యూటన్ల లోపే ఉంటాయి, అంటే గ్రాము బరువు కూడా కాదు. సన్నటి రేకు మీద స్ట్రెయిన్ గేజ్ (రేకు ఎంత వంగిందో కొలిచే సెన్సర్) అతికించి మొదలుపెడుతున్నాను.