ఫిరంగులు వెళ్ళిన దారి

ఆదివారం. కూరగాయలు కొనుక్కుని వస్తూ ష్రూస్‌బరీలో రోడ్డు పక్కనుండే ఆ రాతి గుర్తు దగ్గర కారు ఆపాను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదట్లో, 1775-76 చలికాలంలో, హెన్రీ నాక్స్ ఫిరంగులతో ఈ దారినే బోస్టన్ వైపు వెళ్ళాడని దాని మీద ఉంటుంది. ఇంటికొచ్చాక వంట పక్కన పెట్టి ఆయన గురించే చదువుతూ కూర్చున్నాను.

తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోతే తొమ్మిదేళ్ళకే చదువు మానేసి బోస్టన్‌లో పుస్తకాల షాపులో పనికి కుదిరాడు, 21 ఏళ్ళకి సొంత షాపు పెట్టాడు. ఫిరంగుల విద్య చాలావరకు ఆ షాపులోని మిలిటరీ పుస్తకాల్లోంచి నేర్చుకున్నదే. బ్రిటిష్ సైన్యం చేతిలో ఉన్న బోస్టన్‌ని చుట్టుముట్టిన అమెరికా సేనాపతి వాషింగ్టన్, అలాంటి పాతికేళ్ళ కుర్రాడిని నమ్మి ఫిరంగులు తెమ్మని న్యూయార్క్ ప్రాంతంలోని టైకాండెరోగా కోటకి పంపాడంటే ఇద్దరి ధైర్యమూ గొప్పదే! దాదాపు 60 ఫిరంగులు, 60 టన్నుల బరువు, 480 కిలోమీటర్ల దారి. వాటిని మోసినవి ఎడ్లూ గుర్రాలూ లాగే చక్రాల్లేని బళ్ళు, మంచు పడకపోతే కదలవు, మరీ ఎక్కువ పడితే కూరుకుపోతాయి. ఆల్బనీ దగ్గర నది మీద గడ్డకట్టిన మంచు పగిలి ఒక ఫిరంగి నీళ్ళలో పడిపోతే ఊరి జనం వచ్చి సాయంపట్టి పైకి లాగారు. పదహారు పదిహేడు రోజుల్లో తెచ్చేస్తానని డిసెంబర్ 17న వాషింగ్టన్‌కి రాశాడు, చేరేసరికి జనవరి చివరైంది.

మార్చి 4 రాత్రి ఆ ఫిరంగుల్లో కొన్నిటిని బోస్టన్‌కి ఎదురుగా ఉండే డార్చెస్టర్ గుట్టల మీదికి ఎక్కించారు. 17న బ్రిటిష్ సైన్యం బోస్టన్ ఖాళీ చేసింది.

తర్వాత నాక్స్ వాషింగ్టన్ ఫిరంగి దళానికంతటికీ అధిపతి అయ్యాడు, యుద్ధం అయ్యాక 1785 నుంచి 1794 దాకా యుద్ధశాఖ చూశాడు. కానీ నా మనసంతా ఆయన భార్య లూసీ మీదే ఉంది. ఆవిడ తండ్రి బ్రిటిష్ ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి, ఈ పెళ్ళి ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేదు, యుద్ధం మొదలయ్యాక వాళ్ళు ఇంగ్లండ్ వెళ్ళిపోయారు. పుట్టింటివాళ్ళని ఆవిడ మళ్ళీ చూడనేలేదు. పదముగ్గురు పిల్లల్ని కంటే ముగ్గురే పెద్దయ్యారు. యుద్ధాల గురించి రాసేవాళ్ళు ఇలాంటివి ఒక్క ముక్కలో దాటేస్తారు, అది నాకు బాధగా ఉంటుంది. 1777లో భర్తకి రాసిన ఉత్తరంలో, ఇంట్లో కూడా నువ్వే సేనాధిపతివి అనుకోవద్దు, సమానాధికారం అనేది ఒకటుంది అని ఆవిడ తేల్చి చెప్పింది. ఆ ఉత్తరం పూర్తిగా చదవాలి, రేపు లైబ్రరీలో వాళ్ళిద్దరి ఉత్తరాల పుస్తకం ఉందేమో అడుగుతాను.