టిక్కు టిక్కు ఆగితే ఒకటో గేరు

మొన్నటి వేసవి దాకా మా నాన్నకీ మా అమ్మాయికీ మధ్య ఫోనులో నడిచిన మాటలు నాలుగే. "బాగున్నావా తల్లీ?" "బాగున్నా తాతయ్యా." "అన్నం తిన్నావా?" "తిన్నా." ఆ వెంటనే ఫోను నా చేతికి వచ్చేసేది. ఆయన తెనాలిలో, మేము నాటింగ్‌హామ్‌లో. ఆదివారం తెలుగు బడికి నాలుగేళ్ళు పంపాం. అక్షరాలు వచ్చాయి, పద్యాలూ వచ్చాయి. ఇంట్లో మాత్రం నేను తెలుగులో అడిగితే తను ఇంగ్లీషులో జవాబు చెప్పేది. నాకు చాలా బాధగా ఉండేది. కోప్పడ్డాను కూడా. కోప్పడితే ఉన్న మాటలు ఇంకా తగ్గాయి.

పక్క వీధిలో ఒక పెద్దావిడ ఇల్లు ఖాళీ చేస్తూ షెడ్డులోని పాత సైకిలు ఎవరికైనా ఇచ్చేస్తానంది. మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. నడిపించుకుంటూ ఇంటికి తెచ్చేసింది. ర్యాలీ కంపెనీ చేసిన ఆడవాళ్ళ సైకిలు, రాడ్డు బ్రేకులు, చైను మీద నిండు కవరు, ఎండిపోయి పగిలిన తోలు సీటు. పారేయాలా ఉంచాలా తేల్చుకోలేక నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ముందు ఆ కొంగ బొమ్మ దగ్గరగా చూపించమ్మా," అన్నారు.

హ్యాండిలు కింద బిళ్ళ మీద కొంగ తల, దాని కింద నాటింగ్‌హామ్, ఇంగ్లండ్ అని అక్షరాలు. నాన్నది సైకిలు షాపు. అద్దెకిచ్చే సైకిళ్ళు, పంక్చర్లు, బెండు తీయడాలు, ముప్ఫై ఏళ్ళు అదే పని. నేను ఉద్యోగానికి ఈ ఊరు వచ్చినప్పుడు ఆయన అందరికీ "మా అమ్మాయి ర్యాలీ ఊళ్ళో ఉంటోంది" అని చెప్పుకున్నారట. నేను పట్టించుకోలేదు. ట్రయంఫ్ రోడ్డులో ర్యాలీ సైకిళ్ళ ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు యూనివర్సిటీ వాళ్ళ జూబిలీ క్యాంపస్ ఉంది. దాని పక్క నుంచి ఎన్నోసార్లు వెళ్ళాను. నాన్న ముప్ఫై ఏళ్ళు చూసిన ఆ అక్షరాలు ఇక్కడివేనని ఒక్కసారీ తట్టలేదు.

"వెనక చక్రానికి స్పోకులు లెక్కపెట్టు తల్లీ," అన్నారు మనవరాలితో. నలభై. ముందు చక్రానికి ముప్ఫై రెండు. టైరు మీద అంకెలు చదవమన్నారు. 28, ఒకటిన్నర. "అయితే అది మన సైకిలే!" అన్నారు. మన ఊళ్ళలో అట్లాస్, హీరో, హెర్క్యులిస్ పెద్ద సైకిళ్ళవీ అవే లెక్కలు. ఆంగ్లేయుల రోడ్‌స్టర్ సైకిళ్ళ కొలతలే మన దగ్గర నిలిచిపోయాయి. కొత్త టైర్లు రెండు తెనాలిలోనే కొన్నారు. మా పిన్ని కొడుకు ఇటు వస్తూ వాటిని మెలిపెట్టి సూట్‌కేసులో సర్దుకొచ్చాడు. రిమ్ముకి అతికినట్టు సరిపోయాయి.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున పదింటికి, అంటే అక్కడ మధ్యాహ్నం రెండున్నరకి, గ్యారేజీలో ఫోను స్టాండుకి పెట్టి పని మొదలుపెట్టేవాళ్ళం. పెడలు కాడల్ని పట్టి ఉంచే కాటర్ పిన్నులు మొండికేశాయి. మా అమ్మాయి సుత్తితో టకటకా కొడుతుంటే నాన్న ఆపారు. "పది చిన్న దెబ్బలొద్దు తల్లీ, పిన్ను వంగిపోతుంది. నట్టు ఊడదియ్యకు, మర చివర దాకా వదులు చేసి ఉంచు. కాడ కింద ఇనప గొట్టం నిలబెట్టు. రాత్రంతా కిరసనాయిల్లో నాననిచ్చి, ఒక్కటే గట్టి దెబ్బ."

"కిరసనాయిలు అంటే ఏంటమ్మా?" అని నన్నడిగింది. ఇక్కడ దాన్ని పారఫిన్ అంటారు. ఆ రోజు నుంచి తను పారఫిన్ అనడం మానేసింది. మర్నాడు సాయంత్రం ఒక్క దెబ్బకి పిన్ను ఊడింది. తాతయ్యకి తనంతట తనే ఫోను చేసింది. నేను వంటింట్లో ఉండి విన్నాను.

పిల్లలకి భాష నేర్పడంలో మేం పొరబడింది ఇక్కడేనని ఇప్పుడు అనుకుంటున్నాను. మేం తనకి మాటలు ఇచ్చాం. ఆ మాటలతో చెయ్యాల్సిన పని ఇవ్వలేదు. "తిన్నావా" అంటే "తిన్నా" అన్నాక ఇంకేం చెప్పాలి పాపం! ఊడని పిన్ను ఉంటే చెప్పడానికి చాలా ఉంటుంది.

హబ్బు దగ్గరకి వచ్చేసరికి నాన్న చేతులెత్తేశారు. వెనక చక్రం మధ్యలో లావుపాటి డబ్బా, దాని మీద స్టర్మీ ఆర్చర్, ఏడబ్ల్యూ అనీ, పక్కన 62 అనీ చెక్కి ఉంది. 1962లో చేసిన మూడు గేర్ల హబ్బు. 1902లో ఈ ఊళ్ళోనే పుట్టిన కంపెనీ అది. 2000లో తైవాన్ వాళ్ళ చేతికి వెళ్ళింది. "మన డెల్టాలో గేర్లతో పనేముందమ్మా, ఎక్కాల్సిందల్లా కాలవ వంతెనలేగా. ఇలాంటిది విప్పి ఎరగను," అన్నారు నాన్న.

అప్పుడు చెప్పే వంతు మా అమ్మాయిది అయింది. పటాలు చూసి ముందు తను అర్థం చేసుకుని, ఆయనకి తెలుగులో చెప్పడానికి కూర్చుంది. మాట మాటకీ ఆగింది. "మధ్యలో ఒక గేరు ఉంది తాతయ్యా, ఇరుసుకి అతుక్కుని. దాని పేరు సన్. అంటే సూర్యుడు. అది తిరగడు. చుట్టూ నాలుగు చిన్నవి, గ్రహాలు. వాటి బయట పెద్ద రింగు."

"ఆహా, నవగ్రహాల మండపం!" అన్నారు నాన్న. "అక్కడా మధ్యలో సూర్యుడే."

ఇక దారి దొరికింది. సూర్యుడికి 20 పళ్ళు, రింగుకి 60. చైను ఆ పెద్ద రింగుని తిప్పితే, గ్రహాల్ని పట్టి ఉంచే గూడు నెమ్మదిగా తిరుగుతుంది. ఆ గూడు చక్రాన్ని లాగితే ఒకటో గేరు, వెనక చైను పట్టే పళ్ళ బిళ్ళ నాలుగు చుట్లకి చక్రం మూడే. రెండోదాంట్లో చుట్టుకి చుట్టు. మూడోదాంట్లో చైను గూడుని తిప్పుతుంది, రింగు చక్రాన్ని లాగుతుంది, మూడు చుట్లకి నాలుగు. నాన్న కాగితం మీద గీసుకుని, వేళ్ళతో లెక్క వేసుకుని, "సరిగ్గా చెప్పావు," అన్నారు. తనకి తెలుగు బడిలో వచ్చిన బహుమతికి కూడా అంత మొహం వెలగలేదు.

గ్రహాల గూడులో నాలుకల్లాంటి చిన్న ముక్కలు అరిగిపోయి ఉన్నాయి. వాటి స్ప్రింగులు వెంట్రుకంత సన్నం, ఒకటి ఎగిరిపోయి ఇక దొరకలేదు. ఈ హబ్బులో మెచ్చుకోవాల్సిన గుణం ఏమిటంటే దశాబ్దాల తేడా ఉన్నా ఒకదాని భాగాలు ఇంకోదానికి పడతాయి. పాత సామాన్ల సంతలో 1970ల నాటి హబ్బు ఒకటి కొని, దాని లోపలి భాగాల్ని 1962 డబ్బాలో కూర్చాం. డబ్బాని కుడివైపు మూసే ఇంకో రింగు ఉంటుంది, అది విప్పే ముందు డబ్బాకీ దానికీ కలిపి గీత పెట్టాలి. దాని మర రెండు చోట్ల నుంచి మొదలవుతుంది. తప్పు చోట మొదలుపెట్టి బిగిస్తే చక్రం బెండు మారిపోతుంది. ఆ గీత మా అమ్మాయే పెట్టింది. ఇరుసు మీద బేరింగు గుళ్ళని పట్టి ఉంచే కుడి కోను వేళ్ళతో బిగించి అరచుట్టు వెనక్కి తిప్పింది.

ఇంకో మార్పు కూడా చేశాం. డెర్బీ రోడ్డు మీద కానింగ్ సర్కస్ అనే కూడలి దాకా ఎత్తు. చైను పట్టే బిళ్ళలకి ముందు 46 పళ్ళు, వెనక 18 ఉంటే మా అమ్మాయి ఒకటో గేరులో కూడా ఎక్కలేకపోయింది. వెనక 22 పళ్ళది వేసి చైను పొడవు పెంచాం. ఒకటో గేరులో పెడలు ఒక చుట్టుకి చక్రం మునుపు రెండు చుట్లకి కాస్త తక్కువ తిరిగేది. ఇప్పుడు ఒకటిన్నర దాటి కొంచెమే. కాళ్ళకి ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఈ రోజులన్నీ సంతోషమేనని చెప్తే అబద్ధం అవుతుంది. నా చిన్నప్పుడు నాన్న స్పానర్లు తమ్ముడి చేతికే ఇచ్చారు. నేను దగ్గరకి వెళ్తే "ఆడపిల్లవి, నీకెందుకమ్మా గ్రీజు, వెళ్ళి చదువుకో" అనేవారు. చదువుకున్నాను, ఇంత దూరం వచ్చాను. అయినా మా అమ్మాయికి ఆయన దెబ్బ ఎలా కొట్టాలో నేర్పుతుంటే నాకు గొంతు పట్టేసింది. ఒక ఆదివారం అడిగేశాను. నాన్న కాసేపు ఊరుకుని, "అప్పుడు నాకు తెలియలేదమ్మా," అన్నారు. తర్వాత, "ఆ ఎడమ కోను నువ్వు బిగించు, నేను చూస్తాను," అన్నారు. బిగించాను.

గేరు తీగ సవరించింది కూడా నేనే, అది తప్పుగా చేశాను. మొదటి రోజు మా అమ్మాయి మూడో గేరులో నిలబడి తొక్కుతుంటే రెండుకీ మూడుకీ మధ్య ఏ గేరూ పట్టని చోటుకి జారింది. పెడలు గిర్రున తిరిగి మోకాలి కింద చర్మం లేచింది. రెండో గేరులో పెట్టి కుడి నట్టు రంధ్రంలోంచి చూడాలి. గేరు తీగ లాగే లోపలి కడ్డీ భుజం, అంటే దాని లావు మారే అంచు, ఇరుసు చివరతో సమంగా ఉండాలి. అప్పటి నుంచి బయటికి వెళ్ళే ముందు తనే వంగి చూసుకుంటుంది.

ఈ హబ్బు తొక్కుతున్నప్పుడు రెండు, మూడు గేర్లలో టిక్కు టిక్కు మంటుంది. ఒకటో గేరులో చప్పుడు ఉండదు. ఆ సంగతి తాతయ్యకి చెప్పింది మా అమ్మాయే. పోయిన ఆదివారం ముగ్గురం ఒకే కాల్‌లో ఉన్నాం. తను ఫోను వెనక క్యారియర్ సంచిలో పెట్టుకుంది, నేను డెర్బీ రోడ్డు కింద నిలబడ్డాను. గాలి, కార్లు, వాటి వెనక సన్నగా టిక్కు టిక్కు.

"రెండోదాంట్లో ఉంది," అన్నారు నాన్న.

ఎత్తు మొదలైంది. తను చిన్నదై చెట్ల పక్కకి వెళ్ళిపోయింది. టిక్కు టిక్కు ఆగింది.

"వేసింది," అన్నారు నాన్న. "ఎక్కుతోంది."