స్వెటర్ బ్యాగులోనే ఉండిపోయింది

ఎల్బీనగర్‌లో బస్సెక్కేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. డిసెంబర్ 22. ఒక చేతిలో బట్టల బ్యాగు, ఇంకో చేతిలో కేకు డబ్బా, వెనకాల నా తొమ్మిదేళ్ల కూతురు. బ్యాగులో అన్నిటికన్నా పైన ఇద్దరి స్వెటర్లు, మఫ్లర్లు. క్రిస్మస్‌కు తల్లిగారింటికి పోతున్నానంటే స్వెటర్లు సర్దుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచీ అలవాటు. అక్కడ తెల్లవారుజామున నాలుగింటికి లేచి చర్చికి నడుస్తుంటే పళ్లు టకటకలాడతాయి. ఆ రోజు కిటికీ బయట మార్చి నెల ఎండ కాస్తున్నా, వాటిని బ్యాగులోంచి తీసెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

బస్సు కిటకిటలాడుతోంది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పండగ ముందు ఎక్స్‌ప్రెస్ బస్సులో సీటు దొరికితే అది లాటరీయే. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకున్నాం. డ్రైవర్ పక్కన ఇంజన్ మీది బానెట్ ఖాళీగా కనిపిస్తే అక్కడ కూర్చున్నాం. కేకు డబ్బా కూడా అక్కడే పెట్టాను. తప్పు అక్కడే జరిగింది.

అది క్రీము కేకు. తెల్లటి క్రీము, దాని మీద ఆకుపచ్చ క్రీముతో చెట్టు, చెట్టు చుట్టూ చక్కెర పొడితో మంచు. మా పాప నాలుగు బేకరీలు తిప్పి ఎంచుకున్నది. పంతంగి టోల్‌గేటు దగ్గర బస్సు ఆగినప్పుడు డబ్బా మూత ఎత్తి చూస్తే చెట్టు ఒక పక్కకు ఒరిగింది. చిట్యాలలో చెట్టు లేదు. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి నల్లగొండ వైపు తిరిగేసరికి డబ్బా మూలలోంచి పచ్చటి చుక్కలు కారడం మొదలైంది. డ్రైవర్ అటు చూసి, "బానెట్ సలికాలంల గూడ కాలుతది గదమ్మా, ఈ ఎండకు ఇంకేం ఆగుతది" అన్నాడు. పాప ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదనిపించేంత గట్టిగా మూతి బిగించుకుని కూర్చుంది.

నల్లగొండ బస్టాండ్‌లో దేవరకొండ బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. ఒక పక్క లతీఫ్ సాబ్ గుట్ట, ఇంకో పక్క కాపురాల గుట్ట. వేసవిలో ఈ రెండు గుట్టలూ కలిసి ఊరిని పెనంలా కాలుస్తాయని మా నాయిన అంటుంటాడు. ఈ ఊళ్లో 1890 ప్రాంతంలో ఒక మిషనరీ జంట మకాం పెట్టింది. అబ్రహాం ఫ్రీజెన్, ఆయన భార్య మరియా. జార్ల కాలపు రష్యా నుంచి, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న ప్రాంతం నుంచి వచ్చిన మెన్నొనైట్లు. అక్కడ డిసెంబర్ అంటే నిజంగానే మంచు. ఆ మంచులోంచి వచ్చిన మనుషులకు ఈ గుట్టల మధ్య మొదటి క్రిస్మస్ ఎట్లా గడిచిందో ఏమో! వాళ్లు గూడా నాలాగే ఉన్ని బట్టలు అలవాటుగా పెట్టెలో పెట్టుకొని తెచ్చి ఉంటారు.

మా ఊరు కనగల్ దాటాక రోడ్డు వదిలి లోపలికి. ఇంటికి చేరేసరికి చీకటి పడింది. అమ్మ చేతిలో విసనకర్ర. డిసెంబర్‌లో మా అమ్మ చేతిలో విసనకర్ర చూడటం నాకు అదే మొదలు. మామూలుగా ఈపాటికి ఆమె చెవులకు తువ్వాల చుట్టుకుని, పొయ్యి ముందు నుంచి లేవనంటుంది. సంచీల్లో చుట్టి అటక మీద పెట్టిన టేబుల్ ఫ్యాను మళ్లీ కిందికి దిగింది. కేకు డబ్బా తెరిచి అందరం స్పూన్లతో తిన్నాం. రూపం పోయింది గానీ రుచికేం కాలేదు. మా అన్న కొడుకు మూడుసార్లు పెట్టించుకున్నాడు.

పొద్దున లేచి అరుగు మీద కూర్చుంటే నాయినకూ పెద్దనాయినకూ వాదన నడుస్తోంది. విషయం చలే.

నాయినకు ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాలువ నీళ్లు అందే ఎకరంన్నర వరి పొలం ఉంది. యాసంగి నారు పోసి పద్దెనిమిది రోజులైంది. చలి ముదిరితే నారు ఎర్రబడి కూర్చుంటుంది, నెల దాటినా నాటుకు రాదు. అందుకే ప్రతి ఏడూ ఈ రోజుల్లో రాత్రి కర్రలు పాతి నారుమడి మీద ప్లాస్టిక్ కవరు కప్పడం, పొద్దున తీసెయ్యడం, మడిలో చల్లబడిన నీళ్లు వదిలేసి బోరు నీళ్లు పెట్టడం ఆయన పని. ఈసారి ఆ పనేమీ లేదు. నారు జానెడు లేచి పచ్చగా ఊగుతోంది. ఆయన ముఖం కూడా అట్లాగే ఉంది.

పెద్దనాయినది బత్తాయి తోట. ఆయన లెక్క వేరు. డిసెంబర్‌లో తోటకు నీళ్లు ఆపి చెట్లను బెట్టకు పెడతారు. ఆ బెట్టకు చలి తోడైతే చెట్టు నిద్రపోయినట్టు అవుతుంది. తర్వాత నీళ్లు పెట్టగానే తోటంతా ఒక్కసారి పూతకొస్తుంది. చలి లేక, పైగా మధ్యలో ఓ వాన పడితే ఆ బెట్ట చెడుతుంది. ఒక కొమ్మ పూస్తే ఇంకో కొమ్మ పూయదు.

"సలి రాకపోతేనే మంచిదే" అన్నాడు నాయిన.

"నీకేంరా, నారు పోసుకొని కూసున్నవ్. నా తోట సంగతేంది?"

"దేవుడు సూస్తడు."

"ఎవరిది సూస్తడు? నీదా, నాదా?"

ఇద్దరూ చర్చిలో ఒకే చాప మీద పక్కపక్కన కూర్చుంటారు. వీళ్ల ప్రార్థనలు పైన ఎట్లా లెక్క తేలుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

చలి ఎందుకు రాలేదో అన్న వివరించాడు. అతను స్కూల్లో సైన్సు చెప్తాడు, ఇంట్లో గూడా చెప్తాడు. మనకు చలి ఉత్తరం నుంచి వచ్చే పొడి గాలితో వస్తుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం కూర్చుంటే ఆ గాలికి బదులు తూర్పు నుంచి తడి గాలి, దానితో పాటు మబ్బులు. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రి పైకి పోవాలంటే ఆకాశం ఖాళీగా ఉండాలి. మబ్బు దుప్పటి కప్పితే ఆ వేడి ఇక్కడిక్కడే తిరుగుతుంది. అంటే మేం దుప్పట్లు వదిలేసిన రాత్రి ఊరంతా ఒకే దుప్పటి కింద పడుకుందన్నమాట. ఫోన్‌లో తెల్లవారుజాము ఉష్ణోగ్రత 22 డిగ్రీలు చూపించింది.

ఈ వేడి అసలు దెబ్బ కొట్టింది సకినాల మీద.

మా ఇళ్లల్లో సకినాలు లేని క్రిస్మస్ ఉండదు. ఊళ్లో మిగతావాళ్లు సంక్రాంతికి చుట్టేవి మేం మూడు వారాల ముందే చుట్టుకుంటాం. మళ్లీ సంక్రాంతికి వాళ్లు పంపిస్తారు, మేం తింటాం. 22 రాత్రే అమ్మ ఎనిమిది కిలోల బియ్యం నానబోసింది. పొద్దున వడగట్టి గిర్నీకి పంపిస్తే అక్కడ కరెంటు లేదు, కరెంటు వచ్చాక వరస. తడిపిండి ఇంటికి చేరేసరికి పదకొండు. నువ్వులు, వాము, ఉప్పు కలిపి, చుట్టుపక్కల ఆడవాళ్లు ఏడుగురు వచ్చి, పాత ధోవతులు పరిచి కూర్చునేసరికి పన్నెండున్నర. మామూలు చలికాలమైతే తడిపిండి మీద బట్ట కప్పి సాయంత్రం దాకా ఉంచినా ఏమీ కాదు. సకినాలు చుట్టడం నేను హైదరాబాద్‌లో మర్చిపోయిన పని. మొదటి నాలుగు సకినాలూ నత్తల్లాగా వచ్చాయి. పక్కింటి అత్తమ్మ వాటిని చేత్తో చెరిపేసి, "వేళ్లు పట్నం పోయి మొద్దువారినయ్" అంది. సకినం చుట్టేటప్పుడు పిండిని బొటనవేలూ చూపుడువేలూ మెలి తిప్పుతూ పోవాలి, మనసు మాత్రం మాటల మీద ఉండాలి. వేళ్ల వంక చూస్తే చెడుతుంది. పదో సకినానికి నాకు చెయ్యి తిరిగింది.

మూడింటికి వదిన గిన్నెలో మిగిలిన పిండి వాసన చూసి ఆగిపోయింది. అమ్మకు ఇచ్చింది. అమ్మ పక్కింటి అత్తమ్మకు ఇచ్చింది. గిన్నె ఒక చుట్టు తిరిగి వచ్చాక అందరి ముఖాల్లో తీర్పు ఒకటే. పులిసింది. రెండు కిలోలకు పైనే ఉంటుంది. డిసెంబర్‌లో పిండి పులవడం తన యాభై ఏళ్ల కాపురంలో చూడలేదని అత్తమ్మ అంటుంటే, అమ్మ మాత్రం ఏమీ అనకుండా పచ్చిమిరపకాయలు, ఉల్లిగడ్డలు తెమ్మంది. ఆ రాత్రి, మర్నాడు పొద్దున ఇంటిల్లిపాదికీ పుల్లట్లే. నిజం చెప్పాలంటే ఆ అట్లు సకినాలకన్నా బాగున్నాయి. ఈ మాట అక్కడ అనలేదు.

గరిజెలకు ఏ ఇబ్బందీ రాలేదు. పుట్నాలు, కొబ్బరి, చక్కెర పొడి. దానికి ఎండా చలీ ఒకటే.

రాత్రి కేరల్స్ వాళ్లు వచ్చారు. డప్పు, గిటారు, కంజీర, ముందు వెదురు బొంగుకు కట్టిన స్టార్. ప్రతి ఏడూ అల్లం చాయ్ అడిగే పిల్లలు ఈసారి వాకిట్లోకి రాగానే, "అక్కా, సల్లటి నీళ్లు" అన్నారు. శాంటా వేషం వేసిన పిల్లగాడు ఎర్ర కోటు గుండీలన్నీ విప్పుకుని, దూది గడ్డం మెడకు వేలాడదీసుకుని, మా ఫ్యాను ముందు నుంచి లేవలేదు. పెద్దనాయిన చెట్ల మీద మిగిలిన కాయలు కోసుకొచ్చి బత్తాయి రసం తీయించాడు. "ఎట్లాగూ ఈయేడు పూత దెబ్బతింటది, కనీసం మీరన్న తాగుండ్రి" అని ఇచ్చాడు. కేరల్స్ అయ్యాక చలిమంట వేయడం ఆనవాయితీ. అలవాటు కొద్దీ వేశారు. అందరూ దానికి దూరంగా నిలబడి పాడారు.

24న యేసు పుట్టిన పశువుల పాక కట్టే పని. కంది కట్టెతో గోడలు, వరిగడ్డితో కప్పు. పైన మంచు లేకపోతే కుదరదని మా పాప పట్టు. మెట్ట చేనులో రెండో తీత పత్తి ఇంట్లోనే కుప్ప పోసి ఉంది. నాయిన రెండు దోసిళ్లు తెచ్చి, గింజలతో సహా పాక మీద చల్లాడు. బేత్లెహేములో మంచు పడిందని బైబిల్లో ఎక్కడా లేదని మా చర్చి పాస్టరు అయ్యగారు నవ్వారు. గొర్రెల కాపరులు రాత్రివేళ పొలంలో మందకు కావలి ఉన్నారని మాత్రం ఉంది. మా పొలాల్లో గొల్లవాళ్లు మంద పెట్టినప్పుడు చేసేదీ అదే. అందుకే మా చర్చి నాటికలో కాపరులకు ఎప్పుడూ గొంగళ్లే.

ఆ గొంగడి ఈసారి మా అన్న కొడుకు పాలిట పడింది. నిజమైన ఉన్ని గొంగడి, తాతల నాటిది. దేవదూత మాట్లాడుతున్నంతసేపూ వాడు భయపడుతున్నట్టు నటించాలి, కానీ ఒళ్లంతా గోక్కుంటున్నాడు. "భయపడకుడి" అని దేవదూత అనగానే గొంగడి కింద పడేసి బనియన్‌తో నిలబడ్డాడు. చర్చంతా నవ్వింది. అయ్యగారి భార్య నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

మాంసం సంగతిలో అమ్మ ముందే జాగ్రత్తపడింది. ఎప్పుడూ 24 రాత్రే పొట్టేలు కోసి పోగులు వేసుకుంటారు. ఈ వేడికి పొద్దటిదాకా ఆగదని, 25 తెల్లవారాక కోయించారు. అందుకే ఆ రోజు ఆరాధన అయ్యాక వచ్చి చూస్తే బగారా అన్నం రెడీగా ఉంది, కూర ఇంకా ఉడుకుతోంది. మధ్యాహ్నం మూడింటికి తిన్నాం. తెల్లవారుజామున చర్చికి నడిచేటప్పుడు కొత్త చీర ఒక్కటే ఒంటి మీద. పక్కన నాయిన చేతులు వెనక్కి కట్టుకుని, నారుమడి వైపు చూసుకుంటూ నడిచాడు.

26 కూడా సెలవే కాబట్టి ఆ సాయంత్రం బయలుదేరాం. స్టీలు డబ్బా నిండా సకినాలు, ఇంకో డబ్బాలో గరిజెలు. వాటికి చోటు చేయడానికి బ్యాగులోవన్నీ బయటికి తీసి మళ్లీ సర్దారు.

30 రాత్రి నాయిన ఫోన్ చేశాడు. మబ్బు తేలిపోయిందట, గాలి తిరిగిందట. "సలి వెట్టింది బిడ్డా. ఇప్పుడే మడి మీద కవర్ గప్పి వచ్చిన. మీ పెదనాయిన సంబురం జూడాలె, వాకిట్లనే కూసున్నడు."

అమ్మ ఏం చేస్తోందని అడిగాను.

"పొయ్యి కాడుంది. నీ స్వెటర్ ఈడనే మర్చిపోయినవ్ గద. అదేసుకున్నది."